ఫోన్ ఆపేసుకుని కూర్చోకు బావా

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. రొయ్యల ఎగుమతులు పడిపోయి నీ అట్టపెట్టెల షెడ్డులో సగం మెషిన్లు ఖాళీగా ఉన్నాయన్నావు. సరే, అది అందరికీ ఉన్న బాధే. పనివాళ్లకి ఏం చెప్పాలో తెలీక ఫోన్ ఆపేసి, షెడ్డు వైపే వెళ్లడం లేదని రాశావు చూడు, నాకు టెన్షన్ పుట్టించింది ఆ ముక్క.

2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడ వైజాగ్‌లో మా ప్లాంటులోనూ ఇదే గోల. మన రొయ్యకి అదే కదా పెద్ద మార్కెట్! రొయ్యలు ఒలిచే ఆడవాళ్లంతా గుసగుసలు. మా ఓనరు షిఫ్టు మారే టైముకి వాళ్ల మధ్యకే వచ్చి, "దారిలో ఉన్న కంటైనర్ల సంగతి నాకింకా తెలీదు. ఈ నెల జీతాలకి ఢోకా లేదు. ఓవర్‌టైం ఆపేస్తున్నా. మళ్లీ సోమవారం చెప్తా" అన్నాడు. ఎవరి ఉద్యోగమూ పోదని మాత్రం మాటివ్వలేదు. ఇచ్చుంటే నేనైతే నమ్మేవాణ్ణి కాదు. సోమవారం వచ్చాడు కూడా, కొత్త కబురేమీ లేకపోయినా.

ఆయనకి ఇదంతా హుద్‌హుద్ తుఫాను నేర్పిందని నా అనుమానం. 2014 అక్టోబర్ 12, ఆదివారం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాల్సిన సరుకు. ఓనరు ఊళ్లో లేడు. ఎయిర్‌పోర్టు పైకప్పే దెబ్బతిని మూతపడితే ఎలా వస్తాడు? చల్లదనం పోకుండా షిఫ్టు ఇన్‌ఛార్జే తలుపులకి తాళాలేయించాడు. గల్లాపెట్టెలో డబ్బు తీసి, దొరికిన చోటల్లా చెప్పిన రేటుకి జనరేటరుకి డీజిల్ కొనిపించాడు. ఓనరు వచ్చాక "ఎవర్నడిగి తీశావ్" అనలేదు, లెక్క రాసుకున్నాడంతే. అప్పట్నుంచి అత్యవసరమైతే ఇన్‌ఛార్జి ఎవర్నీ అడక్కుండా కొంత దాకా ఖర్చుపెట్టొచ్చని రూలు పెట్టాడు. నీ షెడ్డులో పురికొస ఉండ కొనాలన్నా నీకే ఫోన్ చెయ్యాలి కదరా! ఆ ఫోనేమో ఆపేశావు.

ఎవర్నో పిలిచి మోటివేషన్ క్లాసు పెట్టిస్తానన్నావు. ఆ డబ్బు జీతాలకి దాచు. నూజివీడు మామిడి వాళ్లకి ఎలాంటి పెట్టెలు కావాలో కనుక్కో. మెషిన్ దానికి పనికొస్తుందో లేదో ఆపరేటర్నే అడుగు, నీకంటే వాడికే బాగా తెలుసు.

లోను వాయిదా తప్పకముందే బ్యాంకుకి వెళ్లు. తప్పాక వెళ్తే వాళ్ల మాట తీరే వేరుగా ఉంటుంది. మేనేజరు ఏమన్నాడో రాయి. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు.

నీ బావ