వేటు కోచ్ ఒక్కరిపైనే పడదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాలు తమ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌లకు ఉద్వాసన పలికి, ఆ పైన వారికి కోట్ల డాలర్ల పరిహారం చెల్లిస్తున్న తీరుపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. కథనమంతా డబ్బు చుట్టూనే తిరిగింది. డబ్బు చిన్న విషయమని నేను అనను. అయితే ఇరవై ఏళ్లకు పైగా నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో ఉంటూ, ఇక్కడి విశ్వవిద్యాలయ జట్టు ఒక కోచ్ తరువాత మరొక కోచ్‌ను మారుస్తూ మెట్టు మెట్టుగా దిగజారడాన్ని కళ్లారా చూసినవాడిగా, ఆ కథనంలో రాని నష్టాలు కొన్ని మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. మన పిల్లలు వేల సంఖ్యలో చదువుతున్న విశ్వవిద్యాలయాలివి. వాటి నిర్ణయాలు మనకు పరాయి విషయం కాదు.

2003 నవంబరులో నెబ్రాస్కా తన కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ను తొలగించింది. ఆ నాటికి ఆ ఏడాది జట్టు తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి మూడు ఓడింది. ఆరేళ్లలో ఆయన లెక్క 58 విజయాలు, 19 పరాజయాలు. రెండేళ్ల క్రితమే జట్టును జాతీయ టైటిల్ పోరు దాకా తీసుకెళ్లిన మనిషి, ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడినవాడు, అంతకు ముందు ప్రధాన కోచ్ అయిన టామ్ ఆస్బోర్న్ దగ్గర ఏళ్ల తరబడి సహాయ కోచ్‌గా పనిచేసినవాడు. అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ (విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతి) స్టీవ్ పెడర్సన్, జట్టు సాధారణ స్థాయికి జారిపోతూ ఉంటే చూస్తూ ఊరుకోలేనన్న అర్థంలో మాట్లాడారు. సోలిచ్ స్థానంలో ఎవరు రావాలో మాత్రం ఆ రోజుకు తేల్చుకోలేదు. అన్వేషణ నవంబరు చివర మొదలై జనవరి దాకా సాగింది. చివరికి ప్రొఫెషనల్ లీగ్‌లో ఓక్లండ్ రెయిడర్స్ జట్టు అప్పుడే వదిలించుకున్న బిల్ కాలహన్ వచ్చారు. మొదటి ఏడాదే జట్టు ఐదు గెలిచి ఆరు ఓడింది. 1961 తరువాత నెబ్రాస్కాకు గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన మొదటి సీజన్ అదే. సీజన్ చివర, తగినన్ని విజయాలు సాధించిన జట్లకు దక్కే అదనపు పోటీని బౌల్ మ్యాచ్ అంటారు; 35 ఏళ్లుగా ఆగకుండా అందుకుంటున్న ఆ అవకాశం కూడా ఆ ఏడాదితో తెగిపోయింది. 2007లో పెడర్సన్‌ను, ఆ తరువాత కొద్ది వారాలకే కాలహన్‌ను పంపేశారు. సోలిచ్ మాత్రం ఒహాయో విశ్వవిద్యాలయానికి వెళ్లి, పదహారేళ్లు అక్కడే ఉండి, ఆ జట్టు ఆడే కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమి) చరిత్రలోనే అత్యధిక విజయాలు సాధించిన కోచ్‌గా పదవీ విరమణ చేశారు.

ఇంతటితో పాఠం నేర్చుకున్నారా అంటే, లేదు. తరువాత వచ్చిన బో పెలీనీ ఏడేళ్లలో ఏ ఒక్క ఏడాదీ తొమ్మిది విజయాలకు తగ్గలేదు. ఆయన నోటి దురుసుతనం, కోపం నాకూ నచ్చేవి కావు, ఆ విషయంలో ఆయనను సమర్థించను. కానీ 2014లో తొమ్మిది గెలిచి మూడు ఓడిన సీజన్ ముగియగానే ఆయనను సాగనంపి తెచ్చుకున్న మైక్ రైలీ మూడేళ్లలో 19 గెలిచి 19 ఓడారు. ఆయన తరువాత, సొంత జట్టు పూర్వ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) అయిన స్కాట్ ఫ్రాస్ట్‌ను ఊరంతా పండుగ చేసుకుని ఆహ్వానించింది. ఆయన 16 గెలిచి 31 ఓడారు. 2022 సెప్టెంబరులో, సీజన్ మొదలై మూడు మ్యాచ్‌లు కాగానే ఆయనను తొలగించారు. అక్టోబరు 1 దాకా ఆగి ఉంటే చెల్లించవలసిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. ఆ మూడు వారాల సహనం కూడా లేకపోయింది. 2017 నుంచి 2023 వరకు నెబ్రాస్కా ఒక్క బౌల్ మ్యాచ్ కూడా ఆడలేదు. 1999 తరువాత కాన్ఫరెన్స్ టైటిల్ ముఖం చూడలేదు. ఇదంతా ఒక్క సోలిచ్‌ను తీసేయడం వల్లే జరిగిందని నేను చెప్పలేను. ఆటలో మారిన పరిస్థితులు, మారిన కాన్ఫరెన్స్, చుట్టుపక్కల మేటి కుర్రాళ్లు తక్కువగా ఉండడం వంటివి కూడా కారణాలే. కానీ చేతిలో ఉన్నది ఎంత విలువైనదో తెలుసుకోకుండా వదులుకోవడం ఈ కథలో రెండుసార్లు జరిగింది.

ఇది ఒక్క ఊరి అనుభవం కాదనడానికి ఆధారం ఉంది. 1997 నుంచి 2010 వరకు అగ్రశ్రేణి కళాశాల జట్ల ఫలితాలను పరిశీలించి 2012లో ముగ్గురు రాజనీతి శాస్త్ర పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కోచ్‌ను మార్చిన జట్లను, దాదాపు అదే స్థితిలో ఉండి మార్చని జట్లతో పోల్చి చూశారు. పూర్తిగా అట్టడుగున ఉన్న జట్టుకు కొత్త కోచ్ వల్ల ఒరిగిందేమీ పెద్దగా కనిపించలేదు. మధ్యస్థంగా ఆడుతున్న జట్టు కోచ్‌ను మారిస్తే, మార్చని జట్టు కంటే తరువాతి ఏళ్లలో వెనుకబడింది. నిజానికి ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. సీజన్ మొత్తానికి ఉండేవి 12 మ్యాచ్‌లు. చివరి నిమిషంలో గురి తప్పిన ఒక కిక్, చేజారిన ఒక బంతి, గాయపడిన ఒక క్వార్టర్‌బ్యాక్ చాలు, ఎనిమిది విజయాల జట్టు ఆరు విజయాల జట్టు కావడానికి. అలాంటి దురదృష్టపు ఏడాది తరువాత అదే కోచ్‌తో కూడా జట్టు తిరిగి పుంజుకునే అవకాశం ఎక్కువ. కానీ స్టేడియంలో కూర్చున్న అభిమానికీ, చెక్కు రాసే దాతకూ ఆ ఏడాది ఓటములు తప్ప మరేమీ కనిపించవు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆటగాళ్ల పరిస్థితి. పదిహేడేళ్ల కుర్రాడు ఒక విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నప్పుడు అక్కడి భవనాలను చూసి ఎంచుకోడు. తన ఇంటికి వచ్చి, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి, మీ వాడి బాధ్యత నాదని చెప్పిన కోచ్‌ను నమ్మి వస్తాడు. ప్రధాన కోచ్ వెళ్తే ఆ మాట ఇచ్చిన సహాయ కోచ్ కూడా సాధారణంగా వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవారు తమ ఆట పద్ధతి తెస్తారు. కాలహన్ వచ్చినప్పుడు ఇక్కడ జరిగింది అదే: దశాబ్దాలుగా పరుగు మీద ఆధారపడిన ఆప్షన్ పద్ధతిని తీసేసి బంతిని విసిరి ఆడే పాసింగ్ ఆటను తెచ్చారు. పాత పద్ధతికి తగినట్టు ఎంపికై వచ్చిన కుర్రాళ్లు తమ తప్పేమీ లేకుండానే జట్టుకు పనికిరానివారయ్యారు. ఇప్పుడు మరో విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, కోచ్ మారితే ఆటగాళ్లు వేరే చోటికి వెళ్లేందుకు ప్రత్యేక గడువు కూడా ఉంది కదా అని కొందరంటారు. నిజమే, కానీ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్న ప్రతి కుర్రాడికీ చోటు దొరకదు. నాకు తెలిసిన ఒక కుటుంబంలోని అబ్బాయి ఒక విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాదే కోచ్‌ల బృందమంతా మారిపోయింది. కొత్తవారు అతనితో విడిగా ఒక్క మాటైనా మాట్లాడకుండానే, వేరే చోటు చూసుకుంటే మంచిదని కబురు చేశారు. అతను మరో కళాశాలకు మారాడు. అక్కడ కొన్ని సబ్జెక్టుల క్రెడిట్లను ఒప్పుకోకపోవడంతో డిగ్రీ ఏడాది ఆలస్యమైంది. ఆ ఏడాది ఎవరి పరిహారం లెక్కలోనూ లేదు.

విశ్వవిద్యాలయాలకు కూడా దీనివల్ల నష్టమే. డిసెంబరు మొదట్లోనే హైస్కూలు కుర్రాళ్లు ఏ విశ్వవిద్యాలయానికి ఆడతారో ఖాయం చేస్తూ సంతకాలు చేసే రోజు వస్తుంది. సీజన్ మధ్యలో కోచ్‌ను తీసేసిన జట్టు ఆ కొద్ది వారాల్లో ఏళ్ల శ్రమను పోగొట్టుకుంటుంది. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించింది. అదే ఏడాది జనవరిలో ఆయన జట్టును జాతీయ సెమీఫైనల్‌లో ఆడించారు. నవంబరులో వర్జీనియా టెక్ ఆయనను తీసుకోగానే, పెన్ స్టేట్‌కు మాట ఇచ్చిన కుర్రాళ్లలో పలువురు ఆయన వెంటే నడిచారు.

ఇక డబ్బు సంగతి. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం జింబో ఫిషర్‌ను పంపించేందుకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడిందని మీరు రాశారు. ఆయన వేరే ఉద్యోగంలో చేరినా ఆ మొత్తం తగ్గదనీ, చెల్లింపులు 2031 వరకు సాగుతాయనీ కూడా రాసి ఉండవలసింది. 2025 అక్టోబరులో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం తన కోచ్ బ్రయన్ కెల్లీని తొలగించినప్పుడు ఆయన ఒప్పందం ప్రకారం రావలసింది దాదాపు ఐదు కోట్ల నలభై లక్షల డాలర్లు. ఆ రెండు చోట్లా ఆ ఇద్దరినీ మొదట తెచ్చింది ఒకే అథ్లెటిక్ డైరెక్టర్, స్కాట్ వుడ్‌వర్డ్. అదే ఏడాది వేసవిలో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక విశ్వవిద్యాలయం తన అన్ని క్రీడల ఆటగాళ్లకూ కలిపి 2025-26లో నేరుగా పంచగల గరిష్ఠ మొత్తం దాదాపు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. ఒక మనిషి పని చేయకుండా ఉండేందుకు ఇచ్చే సొమ్ము, వందలాది ఆటగాళ్లు ఏడాది పొడుగునా చెమటోడ్చినందుకు ఇచ్చేదానికి రెండింతలు దాటిందంటే, ఆ విశ్వవిద్యాలయం దేనికి విలువ ఇస్తున్నదో పాఠకులే ఆలోచించాలి.

ఖాళీ అయిన కుర్చీ కూడా ప్రమాదమే. టెన్నెసీ 2008లో ఫిలిప్ ఫుల్మర్‌ను తప్పించింది. 152 విజయాలు, 1998 జాతీయ టైటిల్ ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆయన తరువాత వచ్చిన లేన్ కిఫిన్ ఒక్క ఏడాదికే వెళ్లిపోయారు. డెరెక్ డూలీ, బుచ్ జోన్స్ నిలవలేదు. 2017లో ఒకరితో దాదాపు కుదిరిన ఒప్పందం అభిమానుల ఆగ్రహంతో ఒక్క రోజులోనే రద్దయింది, అథ్లెటిక్ డైరెక్టర్ పదవి పోయింది. చివరకు ఎంపికైన జెరెమీ ప్రూయిట్ హయాంలో ఆటగాళ్ల ఎంపికలో జరిగిన అక్రమాలకు 2023లో కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ 80 లక్షల డాలర్లకు మించి జరిమానా వేసింది.

మార్చడమే తప్పని నేను వాదించడం లేదు. అలబామా మైక్ షూలాను పంపి నిక్ సేబన్‌ను తెచ్చుకుని ఆరు జాతీయ టైటిళ్లు గెలిచింది. ఇండియానా 2023లో మూడే మ్యాచ్‌లు గెలిచిన తరువాత కోచ్‌ను మార్చి, మరుసటి ఏడాదే కర్ట్ సిగ్నెటీ నాయకత్వంలో 11 గెలిచింది. ఆటగాళ్లను హింసించిన కోచ్‌నో, నిబంధనలు తుంగలో తొక్కిన కోచ్‌నో ఒక్క రోజు కూడా ఉంచకూడదు, అక్కడ గెలుపోటముల ప్రసక్తే రాకూడదు. కానీ సేబన్ లాంటివారు దొరకడం అరుదు, ఆ ఒక్క ఉదాహరణను చూపి డజన్ల కొద్దీ విశ్వవిద్యాలయాలు ఏటా అదే జూదం ఆడుతున్నాయి. ఓపిక పట్టినవారి కథలను మాత్రం ఎవరూ తలచుకోరు. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ మొదటి ఆరేళ్లలో 24 గెలిచి 40 ఓడారు, ఆరో ఏడాది గెలిచింది రెండే. అయినా ఉంచారు. మరుసటి ఏడాది నుంచి ఆయన పదవీ విరమణ దాకా వరుసగా 23 ఏళ్లు జట్టు బౌల్ మ్యాచ్ ఆడింది. మా ఆస్బోర్న్ తొలి ఐదేళ్లూ ఓక్లహోమా చేతిలో ఓడుతూనే వచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడ ఆ ఓటమి కంటే పెద్ద నేరం లేదు. ఇప్పటి లెక్కన ఆయన ఐదో ఏడాది చూసేవారే కాదు, ఆ తరువాతి మూడు జాతీయ టైటిళ్లూ ఉండేవి కావు.

విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు కనీసం మూడు పనులు చేయవచ్చు. అక్రమాలు జరిగితే తప్ప సీజన్ మధ్యలో ఎవరినీ తీయకూడదు. వెళ్లిన కోచ్ మరో ఉద్యోగంలో సంపాదించేది పరిహారంలోంచి తగ్గే షరతు లేకుండా ఒప్పందాలు రాయకూడదు. ఒక మంచి సీజన్‌కే మురిసిపోయి, పదేళ్లకు పొడిగింపులు ఇవ్వడం మానాలి. వీటన్నిటికంటే ముందు, వచ్చేవారెవరో స్పష్టత లేకుండా ఉన్నవారిని పంపకూడదు.

మీకు ఒక విన్నపం. ఇకపై ఇలాంటి వార్త రాసినప్పుడు, తప్పుకున్న కోచ్‌కు ఎన్ని కోట్లు ముట్టాయో రాయండి. దాని పక్కనే, ఆ తరువాతి ఏడాదిలో ఎంతమంది ఆటగాళ్లు ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచి వెళ్లారో, వారిలో ఎంతమందికి మరో చోటు దొరికిందో కూడా సేకరించి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
లింకన్, నెబ్రాస్కా