కొండ మీద లెక్క సరే, వీధి చివర గుడి లెక్క ఎవరు రాస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో రోజూ ఒక చిన్న బాక్స్ వస్తుంది. నిన్న శ్రీవారిని ఎంతమంది దర్శించుకున్నారు, తలనీలాలు ఎంతమంది సమర్పించారు, హుండీ ఆదాయం ఎంత, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది. మీ ఒక్కరే కాదు, తెలుగు పత్రికలన్నీ, టీవీ ఛానళ్ళన్నీ ఇస్తాయి. మా ఇంట్లో కూడా కొండకు వెళ్ళే పని ఉన్నా లేకపోయినా అది చదువుతాం, అందుకని ఆపేయమని రాయడం లేదు. కాకపోతే ఆ అంకె పెరిగినప్పుడల్లా జనంలో భక్తి పెరిగిందని రాయడం, తగ్గితే సెలవులు అయిపోయాయని సరిపెట్టుకోవడం మామూలైపోయింది. మన ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న గుడికి ఏ పండగా లేని మంగళవారం సాయంత్రం ఎంతమంది వస్తున్నారో ఎవరైనా చూస్తున్నారా అని అడగడానికే ఈ ఉత్తరం.

మాది తణుకు. మా వీధి చివర రామాలయం ఉంది. పెద్ద గుడేం కాదు, గర్భాలయం, ముందు చిన్న మంటపం, పక్కన నందివర్ధనం చెట్టు, అంతే. ఏడింటికి హారతి. ఆ వేళకు గంట కొట్టే మనిషి లేక, డోలూ గంటా కలిపి కరెంటుతో మోగే మిషన్ ఒకటి దాతలెవరో కొనిచ్చారు. పూజారి గారు స్విచ్ వేసి, లోపలికి వెళ్ళి హారతి ఇచ్చి, పళ్ళెం పట్టుకుని గడప దాకా వచ్చి చూస్తారు. కొన్ని రోజులు ఇద్దరో ముగ్గురో పెద్దవాళ్ళు ఉంటారు. కొన్ని రోజులు ఎవరూ ఉండరు, అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి వీధి వైపు చూసి పళ్ళెం వెనక్కి తీసుకెళ్ళిపోతారు. ఇదే గుడికి శ్రీరామనవమి నాడు పందిరి రోడ్డు మలుపు దాకా వేస్తారు, పానకం డ్రమ్ముల్లో కలుపుతారు, తలంబ్రాల కోసం తోసుకుంటారు. ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వారం అని పక్క తలుపు తీస్తే తెల్లవారుజామున నాలుగింటికే లైను. ఆ జనమంతా మా చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళే. మర్నాటి నుంచి మళ్ళీ ఆ ముగ్గురే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. పున్నమికి అరుణాచలం గిరిప్రదక్షిణకు ఆర్టీసీ వాళ్ళు స్పెషల్ బస్సులు వేస్తున్నారంటే ఎంత గిరాకీ ఉందో అర్థమవుతుంది. మా వైపు నుంచి ద్వారకా తిరుమలకు శనివారం కాలినడకన వెళ్ళేవాళ్ళున్నారు. హైదరాబాద్ పిల్లలు వీసా కోసం చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, పని అయ్యాక మళ్ళీ వెళ్ళి 108 చేస్తారు. వీటన్నిటిలో భక్తి ఉంది, కష్టం ఉంది, నేను కాదనను. కానీ మొక్కు తీరాక మళ్ళీ ఎప్పుడు వెళ్తామో తెలియని యాత్ర వేరు, వారానికి ఒక్కసారైనా అదే గడప తొక్కి, అక్కడికొచ్చే నలుగురి ముఖాలూ చూసి రావడం వేరు. మన దగ్గర మొదటిది పెరుగుతున్నట్టు, రెండోది సన్నగిల్లుతున్నట్టు నాకు కనిపిస్తోంది. నా దగ్గర లెక్కలు లేవు, కళ్ళతో చూస్తున్నది చెబుతున్నాను.

లెక్కల మాటకొస్తే, ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ మన దేశంలో 2019 చివరి నుంచి 2020 మార్చి దాకా దాదాపు 30 వేల మందిని నేరుగా కలిసి మతం గురించి అడిగి, 2021లో ఫలితాలు ప్రకటించింది. దేవుణ్ణి నమ్ముతామన్నవాళ్ళు 97 శాతం. రోజూ ప్రార్థన చేస్తామన్నవాళ్ళు దేశం మొత్తం మీద 60 శాతం, దక్షిణాదిలో మాత్రం 37 శాతమే. ఇన్ని గుళ్ళూ గోపురాలూ, ఇన్ని బ్రహ్మోత్సవాలూ పెట్టుకున్న మన వైపే తక్కువా అని ఎవరైనా ఆశ్చర్యపోతే పోవచ్చు, మా రామాలయం సాయంత్రం హారతి చూసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు.

అలాగని ఇలాంటి అంకెల్ని గుడ్డిగా నమ్మమనీ చెప్పను, ఎందుకంటే మనకు వారానికి ఇన్నిసార్లు గుడికి రావాలని నియమమేదీ లేదు. ఇంట్లో దీపం పెట్టుకుంటే చాలనుకునేవాళ్ళు కోకొల్లలు. మా వీధిలో ఆటో నడిపే అబ్బాయి ఒకడున్నాడు. పొద్దున్నే మొదటి బేరానికి వెళ్తూ గుడి ముందు ఆటో ఆపుతాడు, దిగడు, చెప్పులు మాత్రం కాళ్ళ నుంచి వదిలేసి, హ్యాండిల్ మీంచి చేతులు తీసి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, మీటరు పక్కన అంటించిన ఆంజనేయుడి బొమ్మను తాకి వెళ్ళిపోతాడు. సర్వే వాళ్ళు వచ్చి నువ్వు గుడికి ఎన్నాళ్ళకోసారి వెళ్తావని అడిగితే పాపం ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఇంకోవైపు, అడిగితే పరువు కోసం ఎక్కువ చెప్పేవాళ్ళూ ఉంటారు. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 1993లో ఈ సంగతే బయటపెట్టారు. ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీలో చర్చిలకు నిజంగా వచ్చినవాళ్ళను లెక్కపెట్టి చూస్తే, సర్వేల్లో వెళ్తామని చెప్పినవాళ్ళలో దాదాపు సగం మందే తేలారు. ఆ దేశంలో చెప్పుకునే అంకె కూడా ఇప్పుడు పడిపోయింది. గ్యాలప్ సంస్థ 2024లో చెప్పిన ప్రకారం ప్రతి వారమో, దాదాపు ప్రతి వారమో ఆరాధనకు వెళ్తామన్నవాళ్ళు 30 శాతం, ఇరవై ఏళ్ళ కిందట 42 శాతం ఉండేవాళ్ళు.

ఇది ఒక్క గుళ్ళ బాధే అనుకోవద్దు. మా పక్కింటావిడ లూథరన్ చర్చికి వెళ్తారు. ఆదివారం తొమ్మిదింటికల్లా బైబిల్ జిప్పు సంచిలో పెట్టుకుని బయల్దేరతారు. క్రిస్మస్‌కీ, గుడ్‌ఫ్రైడేకీ, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకీ బయట షామియానా వేసి కుర్చీలు వెయ్యాలి, మామూలు ఆదివారం వెనక బెంచీలు ఖాళీ, ఇంటర్ పిల్లలకు ఆదివారం కూడా కోచింగ్ క్లాసులు పెడితే ఇంక సండే స్కూల్‌కి ఎవరొస్తారు అని ఆవిడ బాధ. మెయిన్ రోడ్డులో మాకు బట్టలు కుట్టే భాయ్ గారిదీ ఇదే మాట, జుమ్మాకి, అంటే శుక్రవారం నమాజుకి, లోపల చోటు చాలక బయట చాపలు పరుస్తారు, తెల్లవారుజాము ఫజ్ర్ నమాజుకి ఒక వరుస నిండితే గొప్ప అంటారు. అయినా వాళ్ళ దగ్గర ఉన్నదొకటి మన గుళ్ళలో లేదు. పక్కింటావిడ కాలికి దెబ్బ తగిలి రెండు వారాలు చర్చికి వెళ్ళకపోతే మూడో వారం స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ వంటింట్లో గిన్నెలు కూడా కడిగి వెళ్ళారు. రానివాళ్ళు ఎవరో వాళ్ళకు తెలుసు. మా అత్తగారు ఒకప్పుడు రోజూ రామాలయానికి వెళ్ళేవారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని ఆ ఐదు మెట్లు ఎక్కలేక మానేశారు. ఆవిడ ఏమైపోయారని పూజారి గారు తప్ప ఇంకెవరూ అడగలేదు. వచ్చేవాళ్ళే లేనప్పుడు అడగడానికి మనుషులేరి?

2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి 20న తిరుమలలోనే దర్శనాలు ఆపేశారు, మళ్ళీ మామూలు భక్తుల్ని అనుమతించింది జూన్ 11న. ఆ రోజుల్లో ఫోన్‌లో సుప్రభాతం, ఫోన్‌లో ఆరాధన చూడటం తప్పలేదు. గుళ్ళూ చర్చిలూ తెరిచాక కూడా చాలామంది ఆ ఫోన్ దగ్గరే ఉండిపోయారు, ముఖ్యంగా పెద్దవాళ్ళు.

రావడం లేదని జనాన్ని తిట్టి లాభం లేదు, వేళలు చూడండి. పొద్దున ఆరు నుంచి పదకొండు, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది. ఈ మధ్యలో వీలున్నవాళ్ళు ఎవరు? రిటైరైనవాళ్ళు, అంతే. బట్టల షాపులో పనిచేసే ఆడపిల్ల తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి తొమ్మిదికి గానీ వదలరు. ప్రైవేట్ స్కూలు టీచరు ఇంటికొచ్చి టీ పెట్టుకునేసరికే ఆరున్నర, ఆ తర్వాత పిల్లల హోంవర్క్. వేళ కుదిరితే మనవాళ్ళు వెళ్తారనడానికి అమెరికా తెలుగువాళ్ళే రుజువు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం 1970లలో కట్టినప్పటి నుంచీ అక్కడి ఊళ్ళలో ఒక్కొక్కటిగా గుళ్ళు వచ్చాయి, అక్కడ మనవాళ్ళు శనాదివారాలు పిల్లల్ని తీసుకుని గుడికి వెళ్తారు, కింద క్యాంటీన్‌లో పులిహోర తింటారు, పిల్లలు పక్క హాల్లో శ్లోకాలో కూచిపూడో నేర్చుకుంటారు, పెద్దలు ఆ గంటసేపూ కబుర్లు చెప్పుకుంటారు. ఇక్కడున్నప్పుడు నెలకోసారి కూడా గుడికి వెళ్ళని మా ఆడపడుచు అక్కడ ప్రతి వారం వెళ్తోంది. సెలవు రోజు తలుపులు తెరిచి ఉంటాయి, వెళ్తే తెలిసినవాళ్ళు కనిపిస్తారు, అంతకంటే పెద్ద కారణమేమీ ఆవిడ చెప్పలేదు.

ఏడాదంతా ఖాళీగా ఉంచి అందరం ఒక్క రోజే ఒక్క చోటే పడితే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తోపులాట జరిగి ఆరుగురు పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలైను పక్క గోడ కూలి ఏడుగురు పోయారు. ఏర్పాట్లు చేయాల్సినవాళ్ళ బాధ్యత వాళ్ళదే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రోజు అక్కడే, ఆ ద్వారంలోంచే వెళ్ళకపోతే పుణ్యం రాదన్నట్టు పదిహేను రోజుల ముందు నుంచీ ప్రోమోలు వేసి ఊదరగొట్టింది మన మీడియా కాదా? ముక్కోటి మా రామాలయంలోనూ ముక్కోటే అని ఒక్క ఛానల్ చెప్పిందా?

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనను. దేవాదాయ చట్టం ప్రకారం ఏడాదికి 2 లక్షల లోపు ఆదాయం ఉన్న గుళ్ళు 6సి అనే తరగతి కింద వస్తాయి, మన ఊళ్ళలో చాలా గుళ్ళు అలాంటివే. ఆదాయం లేని గుళ్ళ కోసం 2007లో ధూప దీప నైవేద్యం పథకం పెట్టారు. తెలంగాణలో నెలకు 6 వేలు ఇచ్చేది 2023లో 10 వేలన్నారు, మన రాష్ట్రంలో 5 వేలు ఉన్నది 2024లో 10 వేలన్నారు. ఆ డబ్బులోనే నూనె, వత్తులు, ప్రసాదం బియ్యం, పూజారి గారి ఇల్లు గడవడం. మా పూజారి గారబ్బాయి డిగ్రీ చదివి విజయవాడలో మొబైల్ షాపులో చేరాడు. అతన్ని ఏమనగలం? పళ్ళెంలో పడే పది రూపాయల దక్షిణ ఎంత ఆసరాయో, ఎవరూ రాని సాయంత్రం ఎంత నష్టమో ఆ ఇంటికి తెలుసు.

కాబట్టి దేవాదాయ శాఖ వారిని అడిగేది, కొత్త పథకాలేం వద్దు, పట్టణాల్లోని చిన్న గుళ్ళలో వారానికి రెండు రోజులైనా, శనివారం ఒకటి, ఇంకోటి ఆ ఊరివాళ్ళు కోరుకున్న రోజు, రాత్రి తొమ్మిదిన్నర దాకా తలుపులు తీసి ఉంచే ఏర్పాటు చెయ్యండి, ఆ అదనపు గంటన్నరకు పూజారి గారికి వేరుగా డబ్బివ్వండి. మెట్లకు ఒక ఇనప కమ్మీ పెట్టించండి, వెల్డింగు షాపులో ఒక్క పూట పని. కమిటీల వాళ్ళు మైకులకీ ఫ్లెక్సీలకీ పెట్టే ఖర్చులో ఇదెంత?

ఇక మిమ్మల్ని అడిగేది. శ్రీవారి దర్శనం బాక్స్ పక్కనే రోజుకొక చిన్న గుడి గురించో, చర్చి గురించో, మసీదు గురించో నాలుగు లైన్లు వెయ్యండి. ఎక్కడుంది, ఎన్నింటికి తెరుస్తారు, మెట్లెన్ని ఉన్నాయి, పెద్దవాళ్ళు ఎక్కగలరా, ఆ రోజు అక్కడ ఏముంది. మీ విలేకరులు ప్రతి మండలంలోనూ ఉన్నారు, వాళ్ళకు తెలియని గుడి ఉండదు. ధనుర్మాసం ముప్ఫై రోజులూ తెల్లవారుజామున తిరుప్పావై చదివే గుళ్ళు మా జిల్లాలో చాలా ఉన్నాయి, రోజుకొక పాశురం, ఆఖర్న వేడి వేడి పొంగలి. మొదటి లిస్టు దాంతో మొదలుపెట్టండి. మా రామాలయంలో ఐదున్నరకి మొదలవుతుంది.

– ఒక పాఠకురాలు, తణుకు