సంఘం వార్షిక నివేదిక: తరతరాల మామిడి తోటలకు గౌరవం

సభ్యులందరికీ నమస్కారాలు.

నూజివీడు ప్రాంత మామిడి రైతులమైన మనం గత సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం, కనీసం మూడు తరాలుగా ఒకే కుటుంబం సాగు చేస్తున్న తోటలను గౌరవించే పనిని కార్యవర్గం ఈ ఏడాది చేపట్టింది.

అర్హత నిర్ణయానికే ఎక్కువ సమయం పట్టింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నూరేళ్లు ఒకే కుటుంబంలో నిలిచిన పొలాలను 1976 నుంచి గుర్తిస్తున్నారని, మొదటి కమతంలో కనీసం 40 ఎకరాలు మిగిలి ఉండాలన్నది అక్కడి నియమమని ఒక సభ్యుడు వివరించారు. ఆ కొలత మనకు సరిపడదు. ప్రతి తరంలోనూ పంపకాలు జరిగే మన ఇళ్లలో ఎకరాలు తరగక తప్పదు కనుక, పెద్దలు నాటిన చెట్లను వారసులు ఏ మేరకు నిలుపుకొన్నారన్నదే ప్రమాణంగా తీసుకున్నాం. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ కుమార్తెకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చినందువల్ల, ఇంటిపేరు మారిందని ఆమె తోటను పక్కన పెట్టరాదని కూడా తీర్మానించాం.

తొలి గౌరవం పొందిన తోట మూడెకరాలకు మించదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లికే బజారులో గిరాకీ ఉన్నా, దూర రవాణాకు తట్టుకోని రసాలను, కొత్తపల్లి కొబ్బరిని, టెంక నుంచి పెరిగిన పేరులేని నాటు చెట్లను ఆ కుటుంబం కొట్టివేయలేదు. టెంక మొక్క కాపు తల్లి చెట్టును పోలి ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, అటువంటి చెట్టు పోతే ఆ రుచి మళ్లీ దొరకదు. ఏ చెట్టు కాయ ఆవకాయకు, ఏది మాగాయకు పనికివస్తుందో ఆ ఇంటి పెద్దావిడ తోటంతా తిరిగి చూపించగా కార్యదర్శి రాసుకున్నారు. ఆ జాబితా మనకు సన్మానపత్రం కంటే విలువైనదని నా అభిప్రాయం.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద పాత రకాలను కాపాడిన రైతులకు కేంద్రం గుర్తింపు ఇస్తున్నందున, ఈ కుటుంబం తరఫున దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. వచ్చే తొలకరి తర్వాత ఆ చెట్ల కొమ్మలతో అంటు కట్టించి సభ్యులకు పంచుతాం. మొక్కలు కావలసినవారు సంఘం కార్యాలయంలో ముందుగా పేరు నమోదు చేయించుకోగలరు.