పార్టీ పేరు మార్చారు, మా జిల్లా పేరు మార్చలేదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం.

విషయం: మీ రాజకీయ వ్యంగ్య సిరీస్‌లో ఉత్తరాంధ్ర యాసను, గిరిజనులను చూపించిన తీరు గురించి.

నేను మూడేళ్లుగా మీ చందాదారును. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. సంక్రాంతి వెళ్లాక మా అమ్మ ఊరి నుంచి వచ్చి నెల రోజులు మా దగ్గర ఉంది. ఒక రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని మీ కొత్త సిరీస్ పెట్టుకున్నాం. ఎమ్మెల్యే ఇంట్లో జరిగే కథ, రాజకీయాల మీద కామెడీ అన్నారు. అమ్మకి రాజకీయాలంటే ఇష్టం. చదువుకోలేదు గానీ టీవీలో వార్తలు ఒక్కరోజు కూడా వదలదు.

మొదటి ఎపిసోడ్‌కి అమ్మ బాగా నవ్వింది. ఎమ్మెల్యే ఒకే రోజు రెండు పార్టీల మీటింగులకి వెళ్లి, రెండో చోట మొదటి పార్టీ కండువా తీయడం మర్చిపోయే సీన్ చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. రెండో ఎపిసోడ్‌లో ఆ ఇంటి పనమ్మాయి వచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చానని చెప్పింది. అక్కడి నుంచి అమ్మ నవ్వలేదు. ఎపిసోడ్ అయ్యాక నన్ను అడిగింది: "ఒలే, నాను మాటాడితే ఇలాగుంటాదేటి?"

మా నాన్న కిడ్నీ జబ్బుతో పోయాక మా అమ్మ విశాఖపట్నంలో పదహారేళ్లు నాలుగిళ్లలో పని చేసి నన్ను బీఈడీ దాకా చదివించింది. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ పక్క ఫ్లాట్ వాళ్లు పలకరిస్తే తలూపి ఊరుకుంది. అంతకుముందు లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ భార్యతో గంట సేపు మాట్లాడే మనిషి.

ఆ తర్వాత నేను మొత్తం 8 ఎపిసోడ్లూ ఒక్కదాన్నే కూర్చుని మళ్లీ చూశాను. పిల్లల పేపర్లు దిద్దినట్టు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని చూశాను. నా ఫిర్యాదు కోపంలో రాసింది కాదని మీకు తెలియాలనే ఈ మాట చెప్తున్నాను.

మీ కథలో ఎమ్మెల్యే లంచం తీసుకుంటాడు, భూమి కబ్జా చేస్తాడు, అబద్ధాలాడతాడు. మాట మాత్రం పుస్తకంలో అచ్చు వేసినట్టుంటుంది. అతని భార్య, పీఏ, ఎదుటి పార్టీ నాయకుడు కూడా అంతే. యాస ఉన్నది ముగ్గురికే. పనమ్మాయిది శ్రీకాకుళం, డ్రైవర్‌ది తెలంగాణ, బాంబుల సంచీ పట్టుకు తిరిగే గన్‌మన్‌ది రాయలసీమ. వెనకాల నవ్వుల సౌండ్ ఎక్కడ వేశారో రాసుకుంటూ పోయాను. నాలుగో ఎపిసోడ్‌లో ఎమ్మెల్యే ఇళ్ల స్థలాల పట్టాలు అమ్ముకునే సీన్ ఉంది. చాలా మంచి సీన్. అక్కడ నవ్వుల సౌండ్ లేదు. పట్టా కోసం డబ్బు కట్టిన పనమ్మాయి వచ్చి "మరి నా ఇల్లేటయ్యా?" అని అడగ్గానే సౌండ్ వేశారు. మోసం చేసినవాడు మాట్లాడితే నవ్వు లేదు. మోసపోయిన మనిషి మాట్లాడితే నవ్వు. ఇది ఎడిటింగ్ గదిలో ఎవరికీ తట్టలేదా?

ఇంకొకటి కూడా గమనించాను. ఎమ్మెల్యే పార్టీ పేరు మార్చారు. జెండా రంగు ఏ పార్టీకీ చెందకుండా చూసుకున్నారు. నియోజకవర్గం పేరు పలికిన చోట బీప్ వేశారు. కేసులవుతాయని, ధర్నాలవుతాయని భయం కావచ్చు, అర్థం చేసుకోగలను. శ్రీకాకుళం పేరు మాత్రం మార్చలేదు. ప్రతి ఎపిసోడ్‌లోనూ స్పష్టంగా పలికించారు. మేము కేసు వెయ్యలేమనే ధైర్యమే కదండీ అది.

ఇక ఆ యాస సంగతి. ఆ పాత్ర మాట్లాడేది మా యాస కాదు. "చ" కనిపించిన ప్రతి చోటా "స" పెట్టి, చివర "ఓలమ్మో" తగిలిస్తే శ్రీకాకుళం మాట అయిపోతుందని రచయిత అనుకున్నారు. మూడో ఎపిసోడ్ ఒక్కదాంట్లోనే "ఓలమ్మో" 11 సార్లు ఉంది. మా ఊళ్లో ఆ మాట ఊరికే వాడరు, గుండె జారినప్పుడు వస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో అదే పిల్ల "గిట్ల సేత్తావేటి" అంటుంది. "గిట్ల" తెలంగాణ మాట, "ఏటి" మాది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే ఊరు నాకు తెలిసి ఎక్కడా లేదు. యాస అంటే తప్పుల తెలుగు అనుకున్నప్పుడే ఇలా జరుగుతుంది. మా మాటకీ వ్యాకరణం ఉంది. "వచ్చీసినాడు", "వెళ్లిపోనాడు" అనేవి ఎలా పడితే అలా పుట్టినవి కావు, ఏ క్రియకి ఏ రూపం వస్తుందో మా ఊరి మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. "బేగి రా" అంటే త్వరగా రమ్మని. నా క్లాసులో పద్యాల్లో "వేగ" అని వచ్చినప్పుడల్లా నాకు మా అమ్మ కేక వినిపిస్తుంది.

వాడుక భాష కోసం పోరాడి, ఈ రోజు మీరు మీ స్క్రిప్టులు రాసుకునే తెలుగుకి దారి వేసిన గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. విజయనగరంలో కూర్చుని గురజాడ రాసిన కన్యాశుల్కం మొదటిసారి 1892లో ఆడారు. అదీ వ్యంగ్యమే, అందులోనూ మా ప్రాంతపు మాటే. నవ్వు ఎవరి మీద పడుతుందో చూడండి. ఇంగ్లీషు ముక్కలతో బురిడీ కొట్టించే గిరీశం మీద, డబ్బుకి కూతుర్ని ముసలివాడికి కట్టబెట్టబోయే అగ్నిహోత్రావధాన్లు మీద. ఆ నాటకాన్ని నేను ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకి చదివి వినిపిస్తాను. ఒక్క ఏడాది కూడా పిల్లలు యాసకి నవ్వలేదు, మనుషుల బుద్ధులకి నవ్వారు.

మా స్కూల్లో సోషల్ చెప్పే మేడంది సిద్దిపేట. ఈ సంగతి చెప్తే ఆవిడ అంది: "మాకు చిన్నప్పటి సంది ఇదే. సినిమాల రౌడీ మాట్లాడితే మా భాష, హీరో మాట్లాడితే మీ భాష." ఆ "మీ"లో మేమూ లేమని చెప్పాను. తెలంగాణ కవి కాళోజీ గారు కోస్తాలోని రెండున్నర జిల్లాల భాషే అసలు తెలుగా అని నిలదీశారే, ఆ రెండున్నరలో శ్రీకాకుళం ఎప్పుడూ లేదు. తెలంగాణ వాళ్లు ఈ అవమానాన్ని ఉద్యమంలో ఒక ప్రశ్నగా నిలబెట్టారు. 2014లో రాష్ట్రం వచ్చాక తెరమీద కూడా మార్పు వచ్చింది. 2023లో వచ్చిన బలగం సినిమాలో ఇంటిల్లిపాదీ తెలంగాణ మాటే మాట్లాడతారు. ఆ మాటకి ఎవరూ నవ్వరు, కథకి ఏడుస్తారు. మా మాటకి రాష్ట్రం లేదు కాబట్టి మర్యాద కూడా ఉండదా?

మా తమ్ముడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ ది సింప్సన్స్ అనే కార్టూన్ సీరియల్‌లో 1990 నుంచి ఆపు అనే భారతీయ దుకాణదారు పాత్ర ఉంది. దానికి ఏళ్ల తరబడి ఒక తెల్లజాతి నటుడు దొంగ యాసతో గొంతిచ్చాడు. స్కూల్లో మన పిల్లల్ని ఆ గొంతుతో ఏడిపించేవారు. తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు అనే కమెడియన్ 2017లో దాని మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. 2020లో ఆ నటుడు ఇక ఆ పాత్రకి గొంతివ్వనని చెప్పాడు. ఆ రోజు మా బంధువుల వాట్సాప్ గ్రూపు అంతా సంతోషించింది. అదే గ్రూపులో మొన్న మీ పనమ్మాయి క్లిప్ తిరిగింది, అదే మనుషులు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆపు ఎందుకు బాధ పెట్టాడో తెలిసిన వాళ్లకి ఇది ఎందుకు తెలియలేదో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

ఆ క్లిప్ మీ సంస్థే ప్రచారానికి కోసి వదిలింది. రింగ్‌టోన్ కూడా చేశారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు క్లాసులో ఒకటి రెండు దొర్లితే ఇప్పుడు వెనక బెంచీ నుంచి "ఓలమ్మో" అని అరుస్తున్నారట. అమ్మమ్మ ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుని మాట్లాడుతోంది. ఈ ఊళ్లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక మోసేవాళ్లలో, వాచ్‌మన్ గదుల్లో కాపురముండేవాళ్లలో మా జిల్లావాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల పిల్లలు ఏం వింటున్నారో వాళ్లు మీకు ఉత్తరం రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

ఆరో ఎపిసోడ్ గురించి వేరుగా చెప్పాలి. ఎమ్మెల్యే ఓట్ల కోసం గిరిజన గూడేనికి వెళ్తాడు. అక్కడి మనుషులకి ఆకులు కట్టారు, తలమీద ఈకలు పెట్టారు, ముఖాలకి మసి పూశారు, అర్థం లేని కూతలు కూయించారు. పాత సినిమాల్లో చూసి విసిగిపోయిన ఆ వేషం ఇన్నేళ్ల తర్వాత మళ్లీ వేశారు. సీతంపేట సంతకి ఒకసారి రండి. పసుపు, పైనాపిల్, కొండచీపుర్లు తెచ్చి అమ్మే సవరలు, జాతాపులు మీకు కనిపిస్తారు. మనలాగే బట్టలు కట్టుకుంటారు, బండ్ల మీద వస్తారు, ఫోన్లు మాట్లాడతారు. మీరు కూతలుగా చూపించిన సవర భాష నేర్చుకుని గిడుగు గారు దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. 1936లో మంగెయ్ గొమాంగో ఆ భాషకి సొంత లిపే తయారు చేశాడు. ఆ ఎపిసోడ్‌లో నిజమైన వ్యంగ్యానికి ఎంత చోటుందో చూడండి. రోడ్డు లేక, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి కొండ దింపే ఊళ్లున్నాయి. రోడ్డు వేస్తానని మాటిచ్చిన ఎమ్మెల్యేని ఆ డోలీ పక్కన నడిపించండి. అప్పుడు నవ్వు ఎవరి మీద పడాలో వారి మీదే పడుతుంది.

మా జిల్లాలో రాజకీయం లేదనుకోకండి. ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఎందరో డయాలసిస్‌కి తిరిగిన ఊళ్లున్నాయి. ఆ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఆ మండలాలకి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభించే నాటికి మా నాన్న లాంటివాళ్లు ఎందరో వెళ్లిపోయారు. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్నవాళ్ల మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇక్కడ చేపల వేట గిట్టక గుజరాత్ వెళ్లిన మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. వీటి మీద నాయకులు ఇచ్చిన హామీలు తీసుకుంటే మీకు మూడు సీజన్లకి సరిపోతుంది. ఇంత ఉండగా శ్రీకాకుళం నుంచి మీకు దొరికింది ఒక "ఓలమ్మో"నా?

పోయిన నెల మీ కస్టమర్ కేర్‌కి చాట్‌లో రాశాను. పాత్రలన్నీ కల్పితమని, ఎవరినీ ఉద్దేశించినవి కావని, మొదట్లో ఆ మాట తెరమీద వేశామని జవాబు వచ్చింది. ఎమ్మెల్యే కల్పితం, ఒప్పుకుంటాను. శ్రీకాకుళం కల్పితం కాదు. సవరలు కల్పితం కాదు.

సిరీస్‌ని నిషేధించమని నేను అడగడం లేదు. ఆ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ నాయకులు తమ మీద జోకులు ఆపించడం చూస్తూనే ఉన్నాం. ఎమ్మెల్యే మీద తీసిన సీన్లలో ఒక్కటి కూడా తీసేయకండి, ఇంకా గట్టిగా తీయండి. నేనడిగేవి ఇవి: పనమ్మాయి మాటలు మా జిల్లా మనిషి చేత మళ్లీ రాయించి, మా జిల్లా మనిషి గొంతుతో డబ్బింగ్ చెప్పించండి. ఆమె మాటల వెనక వేసిన నవ్వుల సౌండ్ తీసేయండి. ప్రచారానికి వదిలిన ఆ క్లిప్పునీ రింగ్‌టోన్‌నీ వెనక్కి తీసుకోండి. ఆరో ఎపిసోడ్‌లో గూడెం సీన్ తొలగించండి, దాని బదులు సవరలు, జాతాపులతో కలిసి కొత్తది తీస్తే ఇంకా సంతోషం. రెండో సీజన్ రాసే గదిలో ఉత్తరాంధ్ర నుంచి కనీసం ఒక్కరిని కూర్చోబెట్టండి, యాస సరిచూడ్డానికి మాత్రమే కాదు, కథ రాయడానికి.

2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో రసీదు పంపాలి, 15 రోజుల్లో మీ నిర్ణయం తెలియజేయాలి. అలా జరగకపోతే మీరు సభ్యులుగా ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్తాను. ఏ ఎపిసోడ్‌లో ఏ నిమిషం దగ్గర ఏ మాట ఉందో నా నోట్‌బుక్ పేజీలు స్కాన్ చేసి ఈ మెయిల్‌కి జతచేశాను. నా పేరు, ఖాతా వివరాలు ఫారంలో ఉన్నాయి.

ఒక్క మనవి. జవాబు ఇంగ్లీషులో కాకుండా తెలుగులో పంపండి. మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ చందాదారు