అక్కా, మీ పేరు ఇక్కడ రాయలేను

తమ్ముణ్ణి నిన్న ఇంటికి తెచ్చుకున్నాం. నాకింకా సరిగ్గా నిద్ర లేదు, రాసేది అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. జబ్బు పేరు దాచొద్దని వాడే అన్నాడు. హెచ్ఐవీ. బయటపడే నాటికి వాడి సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, 38. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో అవి మామూలుగా 500 పైనే ఉంటాయి, 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. మెదడు పొరలకు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పట్టింది. తలనొప్పికి తాళలేక మమ్మల్ని కూడా గుర్తుపట్టని స్థితిలో తీసుకెళ్లి చేర్చాం.

అమ్మ, చిన్నాన్న, మా ఆయన ఎంత చేశారో వేరే చెప్పాలా. ఈ నాలుగు మాటలూ ఒక అక్క కోసం.

ఆవిడ మాకు చుట్టం కాదు, ఆస్పత్రిలో ఉద్యోగీ కాదు. పక్క మంచం మీదున్న వాళ్ల అన్నయ్యకు తోడుగా వచ్చారు. తమ్ముడి ఫైలు మీద ఆస్పత్రి వాళ్లు ఎర్ర ఇంకుతో పెద్ద పెద్ద అక్షరాల్లో జబ్బు పేరు రాసి మంచానికి తగిలించారు. చూసినవాళ్లంతా నాలుగడుగులు దూరం జరిగారు. అప్పటిదాకా వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, ఎలా వచ్చిందని. ఈవిడ మాత్రం వచ్చి, వాడి నుదుటి మీద చెయ్యి వేసి, "మింగుతుంటే నొప్పిగా ఉందా నాన్నా?" అన్నారు. తడి గుడ్డతో పెదాలు తుడిచారు. అన్ని రోజులూ బిగబట్టుకున్నదాన్ని, అక్కడ నిలబడలేక వరండాలోకి పోయి ఏడ్చాను.

వెనకే వచ్చి, "నాకూ ఉందమ్మా" అన్నారు. ఏళ్లుగా మాత్రలు వేసుకుంటున్నారట. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంతగా తగ్గిపోయిందట. అలా ఉన్నంతకాలం లైంగికంగా భాగస్వామికి అంటదని కూడా ఆవిడే చెప్పారు. ఒక ఖాళీ మందుల పెట్టె విప్పి, లోపలి వైపు రెండు గీతలు గీశారు. ఒకటి వైరస్, ఒకటి సీడీ4.

వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో మొదటి గీత నిటారుగా లేస్తుంది. చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర గడ్డలు. ఏదో జ్వరం అనుకునేలోపు తగ్గిపోతుంది. కానీ ఆ కొద్ది వారాల్లోనే పేగు గోడల్లో ఉండే సీడీ4 కణాలు పెద్ద సంఖ్యలో పోతాయి. తర్వాత శరీరం ఎదురు తిరుగుతుంది, వైరస్ గీత కిందికి దిగుతుంది. పూర్తిగా మాత్రం పోదు, కణం డీఎన్ఏలోకే చేరిపోయి ఉంటుంది. అక్కడి నుంచి సగటున ఎనిమిది, పదేళ్లు పైకి ఏమీ కనపడదు. కొందరికి రెండు మూడేళ్లకే ముదురుతుంది. ఆ కాలమంతా లోపల పోరు ఆగదు. రోజూ కోట్లకొద్దీ వైరస్ పుడుతుంది, శరీరం కొత్త సీడీ4 కణాలు తయారు చేస్తూనే ఉంటుంది, ఓడుతూనే ఉంటుంది. ఎడతెగని ఆ పోరుతో లోపల పుట్టే వాపు వల్ల వైరస్ సోకని కణాలు కూడా చచ్చిపోతాయి.

రెండో గీత దిగుతున్న చోట ఆవిడ చుక్కలు పెట్టారు. సర్పి, నోట్లో తెల్లపూత, బరువు తగ్గడం. క్షయ ఏ దశలోనైనా రావచ్చు. 200 కింద న్యుమోసిస్టిస్ అనే న్యుమోనియా. 100 కింద మా వాడికి వచ్చిన ఈ ఫంగస్. 50 కింద కంటి చూపును తినేసే సైటోమెగలో వైరస్.

ఆ చుక్కలు చూస్తే నా ఒళ్లు మండిపోయింది. మా వాడికి ముప్పై ఏళ్లకే నడుం చుట్టూ సర్పి వచ్చింది. ఒక డాక్టరు పూతమందు రాసి పంపారు. తర్వాత నోటిపూతకు ఇంకొకరు చుక్కల మందు ఇచ్చారు. జ్వరాలకూ, చిక్కిపోవడానికీ మరొకరు బలం మాత్రలు రాశారు. ఒక్కరంటే ఒక్కరు హెచ్ఐవీ పరీక్ష రాయలేదు. నాలుగు చుక్కల రక్తం, అరగంటలో ఫలితం! మందులు కలిపి వాడే చికిత్స 1996 నుంచీ ఉంది. సీడీ4 ఎంతున్నా సరే, తెలిసిన వెంటనే మందులు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తెలిస్తే కదా మొదలుపెట్టేది. వాడి వెన్నులోంచి మళ్లీ మళ్లీ నీరు తీస్తుంటే కాళ్లు పట్టుకుని కూర్చున్నది మేము. ఆ ఎర్ర ఇంకు రాసినవాళ్లకు ఒక్కటే చెబుతున్నా: ఆ ఫైలు డాక్టర్ల కోసం, దారిన పోయేవాళ్ల కోసం కాదు.

గీత చివర ఏముంటుందో అక్క గీయలేదు. ఎయిడ్స్ దశకు చేరాక వైద్యం అందకపోతే సగటున మూడేళ్లు, ఇలాంటి పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చాకైతే ఏడాది అని తర్వాత డాక్టరు గారి దగ్గర విన్నాను. అక్క మాత్రం పెన్ను తిప్పి, సీడీ4 గీతను పైకి లాగి, "నాది వంద లోపే ఉండేది, ఇప్పుడు ఆరొందలు దాటింది" అన్నారు. హెచ్ఐవీ మాత్రలు వెంటనే ఎందుకివ్వట్లేదని మేం కంగారు పడుతుంటే, ఈ మెదడు ఫంగస్‌కు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు మందు పడాలని, తొందరపడితే కోలుకునే రోగనిరోధక శక్తే మెదడులో వాపు తెస్తుందని డాక్టర్లు చెప్పింది మాకు అర్థమయ్యేలా విడమరిచిందీ ఆవిడే. వచ్చే వారం మాత్రలు మొదలు.

అక్కా, మీరు మీ వాళ్లకే ఇంకా చెప్పుకోలేదన్నారు. అయినా ముక్కూ మొహం తెలియని నాకు చెప్పారు. మీ పేరు నా నోట ఎప్పటికీ రాదు. ఆ అట్ట తమ్ముడి దిండు కిందే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

రాత్రి డ్యూటీ నర్సమ్మ గారిని మరిచిపోయాను, సెలైన్ ఆగినప్పుడల్లా విసుక్కోకుండా వచ్చారు. ఆ ఫంగస్ మందుకు రక్తం పడిపోతే వచ్చి రక్తం ఇచ్చిన కుర్రాళ్లూ, స్కానింగుకు స్ట్రెచర్ తోసిన అన్నా, మీకూ దండాలు. అయ్యో, ల్యాబులో రిపోర్టు చేతికిచ్చేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడిన అబ్బాయి కూడా. బాబూ, నువ్వు చేసింది చిన్న సాయం కాదు.