ఇల్లు వదలాలనుకునే హెచ్‌-4 పిల్లల గురించి ఎన్‌ఆర్‌ఐ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఆర్‌ఐ సాధికారత, సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అమెరికాలో హెచ్‌-4 వీసా (హెచ్‌-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద పెరుగుతున్న మన పిల్లల్లో కొందరు పదహారు, పదిహేడేళ్లకే ఇల్లు వదిలి వెళ్లిపోవాలనుకుంటున్నారు. కొందరు దెబ్బలకు తట్టుకోలేక, కొందరు బలవంతపు పెళ్లి మాటలకు భయపడి, ఇంకొందరు తమ బతుకు తాము బతకాలన్న కోరికతో. కారణం ఏదైనా, వాళ్లను ఆపడానికి ఇంట్లో వాడే మాట మాత్రం ఒక్కటే: “గడప దాటావంటే నీ స్టేటస్ పోతుంది, పోలీసులు నిన్ను ఇండియాకు పంపేస్తారు.” ఈ మాట నిజం కాదు. నిజం కాదన్న సంగతి పిల్లలకు తెలుగులో, ప్రభుత్వం తరఫున చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ పని మీ శాఖ చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాను. ఇంటి హింసలో చిక్కుకున్న దక్షిణాసియా కుటుంబాలకు సాయపడే ఒక స్వచ్ఛంద బృందంలో తెలుగువాళ్ల ఫోన్లు అందుకుంటాను. న్యాయవాదిని కాను. న్యాయవాది చెప్పింది తెలుగులో విడమరచి చెప్పడం, కాగితాలు సమకూర్చడం నా పని. మొదట్లో మాకు ఫోన్ చేసేవాళ్లంతా భార్యలే. ఇప్పుడు పిల్లలూ చేస్తున్నారు, ఎక్కువగా బడి వేళల్లో, స్నేహితుల ఫోన్ల నుంచి. గొంతు తగ్గించి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దెబ్బల గురించి కాదు. “నేను వెళ్లిపోతే ఇల్లీగల్ అయిపోతానా ఆంటీ?” అని అడుగుతారు.

అవరు. అమ్మానాన్నలతో ఒకే కప్పు కింద ఉండాలన్న షరతు హెచ్‌-4లో లేదు. వేరే రాష్ట్రంలో కాలేజీ హాస్టల్లో ఉంటూ చదువుకునే హెచ్‌-4 పిల్లలు ఎందరో ఉన్నారు. తండ్రి లేదా తల్లి హెచ్‌-1బి సక్రమంగా కొనసాగుతూ, బిడ్డకు 21 ఏళ్లు నిండకుండా, పెళ్లి కాకుండా ఉన్నంతవరకు, ఐ-94లో (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రంలో) రాసి ఉన్న తేదీ దాకా ఆ స్టేటస్ నిలుస్తుంది. ఇల్లు మారితే పది రోజుల్లోగా కొత్త చిరునామా ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి, అంతే. కోపం వచ్చిన తండ్రి తన చేత్తో దాన్ని రద్దు చేసేయలేడు. పోలీసులు మైనరును తిరిగి ఇంటికి చేర్చే అవకాశం మాత్రం ఉంది. అందుకే చెప్పాపెట్టకుండా వెళ్లిపోవద్దని, ముందు స్కూలు కౌన్సెలర్‌కు చెప్పమని మేము పిల్లలకు గట్టిగా చెబుతాం. టెక్సస్ చట్టం ప్రకారం బిడ్డపై హింస జరుగుతోందని అనుమానించే ప్రతి మనిషీ ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. టీచరు చూసీ చూడనట్లు ఊరుకోవడానికి వీల్లేదు.

అసలు చిక్కు స్టేటస్ పొడిగింపు దగ్గర వస్తుంది. పద్నాలుగేళ్లు దాటిన బిడ్డ దరఖాస్తు మీద తానే సంతకం పెట్టాలి. కానీ దానికి జతచేయాల్సిన తండ్రి హెచ్‌-1బి ఆమోద పత్రం (ఐ-797), జీతం రసీదులు అన్నీ తండ్రి దగ్గరే ఉంటాయి. మాటలు తెగిన ఇంటి నుంచి ఆ కాగితాలు రావు. 18 ఏళ్లు నిండేదాకా స్టేటస్ లేని రోజులు బిడ్డ మీద లెక్కకు రావు. ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. 180 రోజులు దాటి ఉండి దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. పద్దెనిమిదో పుట్టినరోజు ఎంత ముఖ్యమో ఈ పిల్లల్లో దాదాపు ఎవరికీ తెలియదు.

ఉద్యోగం చేసుకుని బతుకుదామంటే హెచ్‌-4 బిడ్డకు ఆ అనుమతి లేదు. 2015లో వచ్చిన వర్క్ పర్మిట్ నిబంధన భార్యాభర్తలకే, అదీ గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్లకే. హింసకు గురైన హెచ్‌-4 జీవిత భాగస్వామికి విడిగా పని అనుమతి ఇవ్వవచ్చని 2005లో అమెరికా చట్టంలో చేర్చారు. అదే ఇంట్లో అవే దెబ్బలు తిన్న బిడ్డ ఆ అనుమతిని సొంతంగా అడిగేందుకు అందులో చోటు లేదు. కొట్టినవాడు అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డుదారుడో అయితే బిడ్డ గ్రీన్ కార్డు కోసం స్వయంగా పిటిషన్ వేసుకోవచ్చు. హెచ్‌-1బి తండ్రి అయితే ఆ దారీ లేదు. నేర బాధితులకు ఇచ్చే యు వీసాలు ఏడాదికి పదివేలే, వాటి కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ.

మిగిలిన ప్రధానమైన దారి ప్రత్యేక బాలల వలస హోదా (స్పెషల్ ఇమిగ్రెంట్ జువెనైల్ స్టేటస్). 1990 నుంచీ చట్టంలో ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి చేతిలోనో ఇద్దరి చేతుల్లోనో హింసకో, నిర్లక్ష్యానికో గురై, లేదా వాళ్లు వదిలేస్తే, ఇక వాళ్ల దగ్గరికి బిడ్డను పంపడం కుదరదనీ, స్వదేశానికి పంపడం బిడ్డకు మేలు చేయదనీ రాష్ట్ర న్యాయస్థానం తేల్చాలి. ‘ఒకరి చేతిలోనైనా’ అన్న వెసులుబాటు 2008 సవరణతో వచ్చింది. ఇమిగ్రేషన్ దరఖాస్తు 21 ఏళ్లలోపు వేయవచ్చు. కానీ దానికి ఆధారమైన కోర్టు ఉత్తర్వు ఏ వయసు దాకా దొరుకుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌, కాలిఫోర్నియాల్లో 21 దాకా సంరక్షకుణ్ని కోరవచ్చు. టెక్సస్‌లో 18తో ఆ తలుపు మూసుకుపోతుంది. ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో, ప్లేనోలో మన తెలుగు ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పదిహేడున్నరేళ్ల పిల్ల ఫోన్ చేసిందంటే మా చేతిలో ఉండేది ఆరు నెలలు. ఆ లోపు న్యాయవాది దొరకాలి, ఆ పిల్ల ఉండటానికి ఒక చోటు దొరకాలి, కోర్టు తేదీ రావాలి, వయసు రుజువు కావాలి. ఇంతా చేసి హోదా ఆమోదం పొందినా గ్రీన్ కార్డుకు మళ్లీ ఏళ్ల వరుస ఉంటుంది. అయినా ఆ పిల్లకు తన పేరు మీద నిలబడే దారి అదొక్కటే.

మంత్రి గారూ, ఇదంతా అమెరికా చట్టం కదా, రాష్ట్ర ప్రభుత్వం ఏం చేయగలదని మీ అధికారులు అనవచ్చు. వయసు రుజువు దగ్గరే మీ ప్రభుత్వం అవసరం పడుతుంది. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం తండ్రి లాకర్లో ఉంటాయి. బిడ్డ పుట్టింది మన రాష్ట్రంలోని ఏదో పట్టణంలో. అక్కడి మున్సిపాలిటీ నుంచి నకలు తెప్పించాలి. ఒక అమ్మాయి కోసం నేను ఆ ప్రయత్నం చేసినప్పుడు కౌంటర్లో తల్లిదండ్రుల ఆధార్ అడిగారు, తండ్రి సంతకం కావాలన్నారు. చివరికి ఆయన తమ్ముడికి ఫోన్ చేసి “మీ అన్నగారి అమ్మాయి కాగితం ఎవరో అడుగుతున్నారు” అని చెప్పారు. ఆ సాయంత్రానికే వార్త డాలస్ చేరింది. ఆ పిల్ల ఫోన్ ఆగిపోయింది. చాలా రోజుల పాటు మాకు ఆమె గురించి ఏమీ తెలియలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులోని జనన నమోదు నకలును ఎవరైనా కోరవచ్చు. తండ్రి అనుమతి కావాలని అందులో లేదు. విదేశాల్లో ఉన్న పిల్లల జనన ధ్రువపత్రాలు నేరుగా వాళ్లకో, వాళ్ల న్యాయవాదికో అందేలా, ఆ అభ్యర్థన సంగతి బంధువులకు చేరవేయకూడదని స్పష్టంగా చెప్పేలా పురపాలక, పంచాయతీరాజ్ శాఖలతో మాట్లాడి ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఖజానా మీద పెద్ద భారం పడే పని కాదు. ఒక బిడ్డకు మాత్రం పద్దెనిమిదిలోపు కోర్టు మెట్లు ఎక్కే వీలు కలుగుతుంది.

ఇంకో సంగతి నన్ను మరీ కలవరపెడుతోంది. పిల్ల మాట వినడం లేదని, అమ్మమ్మకు బాగాలేదని చెప్పి ఊరికి తీసుకొచ్చి, పాస్‌పోర్టు దాచేసి, అక్కడే వదిలి వెళ్లే తల్లిదండ్రులు ఉన్నారు. కొన్నిసార్లు సంబంధం చూసి పెట్టుకునే తీసుకొస్తారు. అప్పుడు ఆ బిడ్డ ఉండేది మీ రాష్ట్రంలో, మీ చట్టాల కింద. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా జరిగేది బాల్యవివాహమేనని 2006 చట్టం చెబుతోంది. ఆపదలో బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చని అమెరికాలో పెరిగిన పిల్లకు ఎవరు చెబుతారు? తెలుగు సరిగా చదవలేని ఆ పిల్ల ఏ పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది? స్టేషన్‌కు వెళ్లినా “అమ్మానాన్నలే కదమ్మా, సర్దుకో” అని పంపేస్తే ఆమెకు ఇంకెవరూ ఉండరు. పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. పద్దెనిమిది నిండిన మనిషి పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు కన్నవాళ్లకు కూడా లేదు. ఇలాంటి ఫిర్యాదు వస్తే స్త్రీ, శిశు సంక్షేమ శాఖ, పోలీసులు, మీ శాఖ కలిసి ఏం చేయాలో ముందే రాసిపెట్టండి.

కేంద్రానికి మీరు రాయాల్సింది కూడా ఉంది. మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అమెరికా న్యాయస్థానం వేరే సంరక్షకుణ్ని నియమించిన బిడ్డ విషయంలో ఆ ఉత్తర్వును మన కాన్సులేట్లు ఎలా స్వీకరించాలో అందరికీ అర్థమయ్యే మార్గదర్శకం ఉండాలి. భర్తలు వదిలేసిన, హింసించిన మహిళలకు భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం అందుతోంది. తల్లిదండ్రుల చేతిలో హింసకు గురైన మైనర్లను కూడా అదే వరుసలో పేరు పెట్టి చేర్చమని విదేశాంగ శాఖను కోరండి.

సొంత నిర్ణయంతో ఆంధ్రకు తిరిగొచ్చి తాతయ్య ఇంట్లో ఉండి చదువుకుంటానన్న పిల్లలూ నాకు తెలుసు. మన కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికతకు రాష్ట్రంలో వరుసగా చదివిన ఏళ్లే ప్రధానం. ఆ ఏళ్లు వాళ్లు అమెరికాలో గడిపారు. ఈ కొద్దిమంది గురించి ఉన్నత విద్యా మండలితో ఒకసారి మాట్లాడి చూడండి.

తల్లిదండ్రులందరూ క్రూరులని నేను అనడం లేదు. నేనూ ఒక తల్లినే. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరో ఉద్యోగం చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. ఆ భయంతో ఏళ్లకేళ్లు గడుపుతున్న కుటుంబాలు ఇవి. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశం వాళ్లకు ఏడు శాతమే అన్న పరిమితి వల్ల అది ఎప్పుడొస్తుందో తెలియదు. బిడ్డకు 21 నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. ఆ ఒత్తిడి ఇంట్లో ఎలా మారుతుందో రోజూ వింటున్నాను. మార్కుల గురించి, ఫోన్ గురించి జరిగిన గొడవకు ఇల్లు వదులుతానన్న పిల్లాడికి ఆగమనే చెబుతాం, పెద్దవాళ్లతో కూర్చోబెట్టి మాట్లాడతాం. కానీ ఆగాలని చెప్పడానికి స్టేటస్ పోతుందన్న బెదిరింపు వాడకూడదు. ఆ బెదిరింపును నమ్మిన పిల్ల నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా గడప దాటదు.

ప్రవాసాంధ్రుల కోసం మీ ప్రభుత్వ సొసైటీ ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నడుపుతోంది. మైనరు ఫోన్ చేస్తే ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పబోమన్న హామీ ఆ లైనుకు ఇవ్వండి. ఫోన్ ఎత్తేవాళ్లకు ఈ చట్టాల మీద శిక్షణ ఇప్పించండి. అమెరికాలో పిల్లలపై హింస గురించి చెప్పుకునే జాతీయ నంబరు 1-800-422-4453, ఇల్లు వదిలిన పిల్లల కోసం ఉన్న నంబరు 1-800-786-2929. ఈ రెండూ మీ సొసైటీ వెబ్‌సైటు మొదటి పేజీలోనే కనబడాలి. బడి విషయంలో స్టేటస్ చూడకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పిందనీ, నిలువ నీడ లేని బిడ్డను తల్లిదండ్రుల కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని అక్కడి చట్టం ఉందనీ పిల్లలకు తెలియాలి.

ఈ వివరాలన్నీ సులభమైన తెలుగులో, ఇంగ్లీషులో మేము రాసి ఉంచాం. మాతో పనిచేసే ఇమిగ్రేషన్ న్యాయవాదులు సరిచూశారు. మీ శాఖలో ఏ అధికారికి పంపాలో చెబితే వెంటనే పంపుతాం. మీరు అమెరికా వచ్చినప్పుడు తెలుగు సంఘాల సభలతో పాటు ఒక గంట, పెద్దవాళ్లు ఎవరూ లేని గదిలో, ఈ పిల్లలతో మాట్లాడండి. ఆ ఏర్పాటు కూడా మేమే చేస్తాం.

భవదీయురాలు,
డాలస్ నుంచి ఒక స్వచ్ఛంద కార్యకర్త