ఓడెక్కేది కెమికలా, నీళ్లా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓడ కిరాయిలు మోయలేకపోతున్నామని చిన్న ఎగుమతిదారులు వాపోతున్న సంగతి ఈమధ్య మీ పత్రికలో చదివి ఇది రాస్తున్నాను. ఎర్ర సముద్రంలో గొడవలు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం, దాంతో రేట్లు పెరగడం, ఇవన్నీ నిజమే. కాదనను. కానీ మా లైన్లో, అంటే ఓడలు కడిగే కెమికల్స్ తయారుచేసి పంపే లైన్లో, బిల్లు అంతంత రావడానికి చాలావరకు మన చేతులారా చేసుకున్నవే కారణం. ఆ మాట ఎవరూ అనడం లేదు.

మా సరుకు ఏమిటో తెలియని వాళ్లకోసం ఒక్క ముక్క చెబుతాను. బొగ్గు దింపిన ఓడలో తర్వాత బియ్యం పోయాలంటే హోల్డులో, అంటే ఓడలో సరుకు పోసే గదిలో, మరక మిగలకూడదు, మసి రాలకూడదు, తనిఖీ చేసే సర్వేయరు సరే అంటేనే లోడింగు. కాకినాడలో బియ్యం ఎక్కించే వాళ్లను అడిగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెబుతారు. ఆ హోల్డు కడగడానికి జిడ్డు వదిలించే డిగ్రీజర్, ఇంజిన్ రూములో కూలర్లకు పట్టిన సున్నపు పెచ్చు వదలగొట్టడానికి డీస్కేలర్, ఇలాంటివి మేం చేసేవి. 200 లీటర్ల డ్రముల్లో నింపి కొలంబో, దుబాయ్ లాంటి చోట్ల ఓడలకు సామాన్లు అందించేవాళ్లకు పంపుతాం.

ఆ డ్రములో ఎక్కువ భాగం నీళ్లే. ఓడ మీదికి వెళ్లాక సిబ్బంది దాన్ని మళ్లీ నీళ్లలో కలిపే వాడతారు. ఇక్కడి మంచినీళ్లను అంత కిరాయి పోసి సముద్రం దాటించడం ఏం వ్యాపారమో నాకర్థం కాదు. గాఢత పెంచి పంపి అక్కడే కలుపుకోమంటే డ్రములు తగ్గుతాయి. డీస్కేలరయితే యాసిడ్ ద్రవం బదులు సిట్రిక్ యాసిడ్ పొడితో చేసి బస్తాల్లో పంపొచ్చు, అది రవాణా నిబంధనల ప్రకారం ప్రమాదకర సరుకు కూడా కాదు. పని కాస్త నెమ్మదిగా చేస్తుంది, నిజమే, కానీ చాలా కూలర్లకు అది చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కాస్టిక్ ఉన్న సరుకు పల్చగా ఉన్నప్పుడు మామూలు సరుకుగా పోయేది, గాఢత పెంచగానే ప్రమాదకర సరుకుల్లో 8వ తరగతిలోకి, అంటే చర్మాన్నో లోహాన్నో తినేసే పదార్థాల కిందికి వెళ్లిపోవచ్చు, అప్పుడు డ్రములు తగ్గించి మిగిల్చింది ప్రమాదకర సరుకు మీద అదనంగా వేసే సర్‌ఛార్జి మింగేస్తుంది, కాబట్టి రెండు రకాలుగానూ లెక్క వేసుకున్నాకే ఫార్ములా ముట్టుకోవాలి.

ఇక కాగితాల సంగతి. మా సరుకుతో పాటు సేఫ్టీ డేటా షీట్, అంటే దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం వెళ్తుంది, అందులో 16 సెక్షన్లు. రవాణాకు అది ప్రమాదకరమా కాదా అనేది తేల్చేది 14వ సెక్షన్. కానీ బుకింగ్ ఆఫీసులో కుర్రాడు ముందు చూసేది రెండో సెక్షన్లో ఉన్న బొమ్మ, చేతి మీద చుక్కలు పడి చెయ్యి కరిగిపోతున్న బొమ్మ. కంట్లో పడితే గట్టి దెబ్బ తీసే సరుకు మీద కూడా అదే బొమ్మ వేస్తారు, చర్మాన్ని తినకపోయినా సరే. ఓడ నిబంధనల్లో 8వ తరగతికి కావలసింది చర్మాన్నో లోహాన్నో తినే గుణం, కంటి సంగతి అక్కడ లెక్కలోకి రాదు. బొమ్మ చూసి ‘హజార్డస్’, అంటే ప్రమాదకరం అని కొట్టేస్తాడు, మనం చూసుకోకుండా డబ్బు కట్టేస్తాం. నా సరుకు ఒకటి చాలాకాలం అలాగే పోయింది. 14వ సెక్షన్ చూపించి, ల్యాబ్ రిపోర్టు జతచేసి అడిగితే మార్చారు. అడగాలి, అంతే.

ఇంకో దండగ, అన్నీ కలిపి ఒకే కంటైనర్లో నింపడం. ఇరవై అడుగుల కంటైనర్లో రెండు వరసలుగా 80 డ్రములు పడతాయి. అందులో రెండంటే రెండు యాసిడ్ డ్రములు పెడితే కంటైనర్ మొత్తానికీ హజార్డస్ రేటు పడుతుంది. పైగా యాసిడ్ పక్కన బ్లీచింగ్ ద్రవం హైపోక్లోరైట్ పెట్టారంటే, రెండూ కారి కలిస్తే విషవాయువు క్లోరిన్ వస్తుంది, అది డబ్బుతో పోయే విషయం కాదు.

కంటైనర్ నిండనప్పుడు టన్నులో, క్యూబిక్ మీటర్లో ఏది ఎక్కువైతే దానికి కిరాయి కట్టాలి. ప్యాలెట్ మీద నాలుగు డ్రములు పెడితే 800 లీటర్లు, ఆక్రమించే చోటు క్యూబిక్ మీటరున్నర. గుండ్రటి డ్రముల మధ్య ఖాళీకి కూడా డబ్బే. అదే ఇనుప చట్రంలో ఉండే వెయ్యి లీటర్ల చదరపు ప్లాస్టిక్ ట్యాంకు, ఐబీసీ అంటారు, 1.4 క్యూబిక్ మీటర్ల దాకానే వస్తుంది. ఓడ వాళ్లకు 25 లీటర్ల క్యాన్లే కావాలంటారా, అక్కడి గోడౌన్లో నింపుకోమనండి.

ఇవన్నీ ఎందుకు, ప్రమాదకర సరుకును సబ్బు నీళ్లని రాసి పంపేస్తే పోలా అనేవాళ్లు మా లైన్లో ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పర్ల్ ఓడ తగలబడి మునిగింది. అందులో నైట్రిక్ యాసిడ్ కంటైనర్ ఒకటి ముందునుంచే కారుతోంది, రెండు రేవులు దాన్ని దింపుకోలేదు. ఆ సరుకు ఏమిటో రాసి ఉన్నా అంత జరిగింది, ఏముందో రాయకపోతే నిప్పార్పే వాళ్లకు ఏం పట్టుకెళ్లాలో కూడా తెలియదు. హపాగ్ లాయిడ్ అనే ఓడల కంపెనీ 2019లోనే తప్పుడు డిక్లరేషన్‌కు కంటైనర్‌కు 15,000 డాలర్ల జరిమానా పెట్టింది. దాంతో పోలిస్తే సర్‌ఛార్జి ఎంత?

మా చేతుల్లో లేనిది ఒకటుంది, అది అడగడానికే ఈ ఉత్తరం. నా ప్రమాదకర సరుకు మూడు నాలుగు డ్రములే ఉంటే, పక్కనే రేవు పెట్టుకుని చెన్నైకి లారీలో పంపి అక్కడ ఎక్కిస్తున్నాను. ఆ లారీకి శిక్షణ ఉన్న డ్రైవరు, సరుకు ఏమిటో తెలిపే ఎమర్జెన్సీ ప్యానెల్, ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ట్రెమ్ కార్డు అన్నీ ఉండాలి, ఉండాల్సిందే కూడా, ఆ ఖర్చు ఓడ కిరాయిని మించిపోతున్న సందర్భాలున్నాయి. విశాఖలోనే వారంలో ఒక రోజు ఖాయం చేసి, చిన్నవాళ్ల ప్రమాదకర సరుకును తరగతుల వారీగా చూసి ఒకే కంటైనర్లో సర్ది పంపే ఏర్పాటు ఫార్వర్డర్లు, అంటే సరుకు రవాణా ఏజెంట్లు, చేయగలరు. సరుకు లేదని వాళ్లంటారు, ఏర్పాటు లేదు కాబట్టే ఇక్కడికి రావడం లేదని మేమంటాం. పోర్టు వాళ్లు ఇద్దరినీ పిలిచి ఒక గంట కూర్చోబెడితే, ఎవరి దగ్గర నెలకు ఎన్ని డ్రములున్నాయో అక్కడే తేలుతుంది. నా లెక్క నేను ఇస్తాను.

ఇట్లు,
మెరైన్ కెమికల్స్ చిన్న తయారీదారు,
ఆటోనగర్, విశాఖపట్నం
(పేరు వేయవద్దని మనవి)